డీజే పెట్టెలో ఫిల్టరు, ల్యాప్‌టాప్‌లో ఫిల్టరు
(పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఇంజనీరువు కదా, పిల్లోళ్లకు పనికొచ్చేది ఏదన్నా చెప్పు" అన్నారు నిర్వాహకులు. ఇప్పుడు రాయచోటిలో పెళ్లి అన్నా ఊరేగింపు అన్నా డీజే ఉండాల్సిందే. మన బడిలో చదివి ఆ పని మీదే బతుకుతున్న కుర్రాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. వాళ్ల మిక్సర్ మీదుండే ఒక్క నాబ్ గురించి మాట్లాడతాను. దాని మీద 'ఫిల్టర్' అని రాసి ఉంటుంది.

ఆ నాబ్ నడిమధ్యన ఉంటే పాట ఉన్నదున్నట్టు వస్తుంది. ఎడమకు తిప్పితే పై స్వరాలు పోయి దబదబమనే అడుగు మోత మిగులుతుంది. కుడికి తిప్పితే అడుగు పోయి సన్నటి శబ్దం మిగులుతుంది. ఇదేమీ కొత్త వింత కాదు. సినిమాహాలు గోడ బయట నిలబడి పాట విన్నవాళ్లకు మొదటిది తెలుసు, అక్కడ గోడే ఫిల్టరు. జాతరలో వేపచెట్టుకు కట్టిన మైకు హారన్ విన్నవాళ్లకు రెండోది తెలుసు, ఆ హారన్‌కు అడుగు స్వరాలు పలికే శక్తి లేదు. మైక్‌సెట్టు ఆంప్లిఫయర్ మీది బాస్, ట్రెబుల్ నాబ్‌లూ ఈ జాతివే. ఆ పనికి పేరుపడ్డ సర్క్యూట్‌ను పీటర్ బాక్సాండాల్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1952లో ప్రచురించాడు.

పిల్లలూ, అతి చిన్న ఫిల్టరుకు ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు చాలు. 10 కిలో ఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్ పెడితే సుమారు 1,600 హెర్ట్జ్ దగ్గర కోత మొదలవుతుంది. ఆపైన పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెళ్లు తగ్గుతుంది. డీజే మిక్సర్లలో కోత ఇంకా పదునుగా ఉంటుంది. కోసే చోట స్వరాన్ని కాస్త పైకి లేపుతారు కూడా, నాబ్ తిప్పేటప్పుడు ఈల లాంటి శబ్దం అందుకే వస్తుంది.

సాఫ్ట్‌వేర్ ఇదే పనిని లెక్కతో చేస్తుంది. పాట సెకనుకు 44,100 అంకెలుగా వస్తుంటుంది. కొత్త అంకె రాగానే దాన్ని పూర్తిగా నమ్మకుండా, పాత విలువను కొంచెం మాత్రమే అటు జరుపుతుంది. రచ్చబండ మీది పెద్దాయన లాగన్నమాట. వచ్చిన ప్రతి పుకారుకూ ఆయన ఎగిరిపడడు, పదిమంది ఒకే మాట చెబితే మెల్లగా అటు మొగ్గుతాడు. వేగంగా ఊగే పై స్వరాలు ఆయన దగ్గర చెల్లవు, నిదానంగా ఊగే అడుగు స్వరాలు చెల్లుతాయి.

ఇక అసలు సంగతి. నెల కిందట ఒక కుర్రాడు నన్నడిగాడు: "సార్, ల్యాప్‌టాప్‌లో ఫిల్టరు ఉత్తదంట గదా. రెండు లచ్చల మిక్సర్ కొంటే మా సౌండు మారుతాదా?" డబ్బెక్కడిది అంటే, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తానన్నాడు. అంటే నెలకు ఆరు వేలు వడ్డీకే. పెళ్లిళ్ల కాలంలో సరే, మూఢంలో ఆ ఆరు వేలు ఎవరిస్తారు?

ముందుగా, 'పెట్టె' అన్నంత మాత్రాన లోపల తీగలూ కెపాసిటర్లే ఉంటాయనుకోకూడదు. అలెన్ అండ్ హీత్ వాళ్ల ఎక్సోన్ 92లో ఫిల్టరు నిజంగానే అనలాగ్ సర్క్యూట్. 2006 నాటి పయొనీర్ డీజేఎం 800లో మాత్రం ఉన్నది అంకెల లెక్కే. బరువైన ఇనప డబ్బాలో పెట్టిన సాఫ్ట్‌వేర్ అది. మంచి పెట్టే, కాదనను. కానీ దాన్ని 'అసలైన ఫిల్టరు' అని అమ్మేవాడి మాటకు అర్థం లేదు.

మొన్న సాయంత్రం ఆ కుర్రాడినీ అతని స్నేహితుడినీ కూర్చోబెట్టి, కళ్లకు తువ్వాలు కట్టి, అనలాగ్ మిక్సరూ ల్యాప్‌టాపూ మార్చి మార్చి వినిపించాను. మొదట రెండింటి వాల్యూం సమానం చేశాను. ఇది ముఖ్యం, రవ్వంత గట్టిగా మోగేదే మేలైనదని చెవి తీర్పిస్తుంది. నాబ్ ఒకచోట నిలిపి ఉంచితే ఇద్దరూ తేల్చుకోలేకపోయారు. గబగబా తిప్పితే మాత్రం ఇద్దరూ పట్టేశారు.

దానికి కారణాలు ఫిల్టరులో లేవు. వాళ్ల పాత కంట్రోలర్ నాబ్‌కు ఉన్నది 128 మెట్లే. మనిషి వినే 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా పది స్థాయిలు. ఆ మెట్లను అంతమేరా పరిస్తే ఒక్కో మెట్టు హార్మోనియంలో పక్కపక్క బిళ్లలంత దూరం పడుతుంది. ప్రోగ్రామ్ ఆ మెట్లను నున్నగా చేయకపోతే గరగర వినిపిస్తుంది. రెండోది ఆలస్యం. ల్యాప్‌టాప్ చిటపటలాడకుండా ఉండాలని బఫర్ 2048కి పెట్టుకున్నారు. దానితోనే 46 మిల్లీసెకన్లు పోయాయి. స్పీకరును 16 మీటర్ల దూరాన పెట్టి వాయించడంతో సమానం. 256కి తెస్తే రెండు మీటర్లే. తేవచ్చు కూడా, సరైన సౌండ్‌కార్డు ఉండి, ల్యాప్‌టాప్‌లో మిగతావన్నీ మూసేసి, దాన్ని నీడన ఉంచితే. మన మే నెల ఎండలో, జనరేటరు పక్కన బండి మీద పెడితే ప్రాసెసరు వేడెక్కి తనే నెమ్మదిస్తుంది.

పెట్టెకు నిజమైన లాభం ఒకటుంది. ఊరేగింపు మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోయినా, పెట్టెకు తగిలించిన ఫోన్‌లోంచి పాట నడుస్తూనే ఉంటుంది. మర్యాద దక్కుతుంది. కానీ ఆ మర్యాదకు రెండు లక్షలు అక్కర్లేదు, ఫిల్టరే లేని చిన్న మిక్సర్ చాలు. అప్పు చేయొద్దన్నాను. సౌండ్‌కార్డు, చిన్న మిక్సర్, యూపీఎస్ కొనుక్కోమన్నాను. అతను పూర్తిగా ఒప్పుకోలేదు. "పెద్ద మిక్సర్ కనపడితేనే రేటిస్తారు సార్" అన్నాడు. దానికి నా దగ్గర సర్క్యూట్ లేదు.

ఇంకొక్క మాట. ఫిల్టరు తిప్పి పై స్వరాలు తీసేయగానే చెవికి మెత్తగా అనిపిస్తుంది, చెయ్యి వాల్యూం మీదికి పోతుంది. నాబ్ మళ్లీ మధ్యకు తెచ్చేసరికి మోత విరుచుకుపడుతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెళ్ల మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ప్రతి 3 డెసిబెళ్లకూ ఆ సమయం సగమవుతుంది, 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. బండి మీద స్పీకర్ల పక్కనే కూర్చునేది మన కుర్రాడే. అప్పు కన్నా నాకు దాని మీదే ఎక్కువ బెంగ. చెవిలో పెట్టుకునే ప్లగ్గులు ఒక జత తెచ్చిచ్చాను, పెట్టుకుంటాడో లేదో చూడాలి.

రెండు పెట్టెలూ, ఒక తువ్వాలూ ఫిజిక్స్ ల్యాబులో ఉంచాను. భోజనాలయ్యాక ఎవరైనా వచ్చి విని చెప్పవచ్చు. పాట మాత్రం మీరే తెచ్చుకోండి.