పిందె నిలవాలంటే

(మే 20, ప్రపంచ తేనెటీగల దినోత్సవ సందర్భంగా బరంపురంలోని తెలుగు నివాసులను ఉద్దేశించి చేసిన ప్రసంగపాఠం)



బ్రతుకుతెరువు కోసం ఇచ్ఛాపురం దాటి బరంపురం చేరిన మనలో చాలామందికి ఇక్కడ సాగుభూమి లేదు. అయినా మేడమీద ఒక ఆనపపాదో, పెరటిలో ఒక గుమ్మడితీగో పెంచుకోవాలన్న మక్కువ మనలను విడవలేదు. “పూత విరగబూసింది, పిందె మాత్రం నిలవడం లేదు” అన్న మాట తరచుగా వింటూ ఉంటాము. ఎరువు చాలలేదనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకుంటాము. చాలా సందర్భాలలో అసలు కొరత పరాగసంపర్కానిది.

కేసరాలలోని పుప్పొడి కీలాగ్రాన్ని చేరడమే పరాగసంపర్కం. ఆ తరువాతనే అండాలు విత్తనాలుగా, అండాశయం కాయగా మారుతాయి. వరిలో ఈ కార్యం చాలావరకు ఒకే పువ్వులో ముగుస్తుంది. మొక్కజొన్నకు గాలి చాలు. గుమ్మడి, ఆనప, బీర పాదులలో మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. రేకుల కింద చిన్న పిందె కనిపిస్తే అది ఆడపువ్వు. వీటి పుప్పొడి జిగురైనది, గాలికి ఎగరదు. దానిని మోసుకువచ్చే కీటకం రాకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. పుప్పొడి చాలీచాలకుండా అందితే కాయ వంకరపోతుంది.

గంజాం జిల్లాకు పేరు తెచ్చిన మొగలి కథ దీనికి భిన్నం. ఒడియావారు కియా అని పిలిచే ఈ మొక్కలో మగపొదలు, ఆడపొదలు వేరువేరుగా ఉంటాయి. పరిమళమంతా మగపువ్వుదే. ఆ పువ్వులను కోసి, రాగి పాత్రలలో నీటితో మరిగించి, ఆవిరిని చల్లార్చి అత్తరు తీస్తారు. అక్కడ కావలసినది పువ్వే గాని కాయ కాదు. పొదను పిలకలతోనే పెంచుతారు. జీడిమామిడి తోటలో అట్లా కుదరదు. అక్కడ పువ్వు గింజ కావాలి, అందుకు కీటకం రావాలి. ప్రపంచంలోని 115 ప్రధాన ఆహార పంటలలో 87 పంటలు ఎంతో కొంత జంతుజాలం చేసే ఈ సేవపై ఆధారపడి ఉన్నాయని 2007లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

ఈ సేవ తేనెటీగ ఒక్కదానిదే కాదు. వంగపువ్వులో పుప్పొడి కేసరం కొసనున్న చిన్న రంధ్రం గుండా బయటపడాలి. తుమ్మెద పువ్వును పట్టుకొని ఝుమ్మని కదిలిస్తే అది జలజల రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య తెలియదు. సాయంత్రం విచ్చే ఆనపపువ్వుకు చీకటిలో తిరిగే రెక్కల పురుగులు అతిథులు. తెల్లవారుజామున విచ్చే గుమ్మడిపువ్వుకు తేనెటీగలు కావాలి.

ఒక సంగతి దాచకుండా చెబుతాను. నిరుడు మా వీధిలో నీళ్ల ట్యాంకు కింద పట్టిన తేనెతుట్టెను రాత్రివేళ తగలబెట్టారు. వద్దనకుండా కిటికీ మూసుకున్నవారిలో నేనూ ఉన్నాను. ఆ తరువాత మా గుమ్మడితీగకు ఒక్క కాయ నిలవలేదు. తుట్టె పోవడమే కారణమని నిరూపించలేను. కాని ఉదయం పూట పువ్వుల దగ్గర నిలబడి, వచ్చే ఈగలను లెక్కపెట్టడం అప్పుడే అలవాటయింది. కొన్ని ఉదయాలు ఒక్కటీ రాలేదు.

కొండ తేనెటీగ కుట్టడం ప్రాణాపాయం కాగలదు. ఆ భయం అర్థరహితం కాదు. పిల్లలు తిరిగే చోట తుట్టె ఉంటే దారి మళ్లించి, తెలిసినవారి చేత తొలగింపజేయండి. జనసంచారం లేని చోట ఉంటే ఓపిక పట్టండి. పూతకాలం ముగియగానే అవే తుట్టె విడిచి వెళ్లిపోతాయి. వాటిదీ మనలాంటి వలస బ్రతుకే.

పూత మీద పురుగుమందు చల్లకండి. తప్పనిసరైతే ఈగలు గూటికి చేరాక, పువ్వులకు తగలకుండా ఆకులపై మాత్రమే చల్లండి. వెడల్పాటి మూకుడులో నాలుగు గులకరాళ్లు వేసి నీరు ఉంచండి. అంతవరకు, అప్పుడే విచ్చిన మగపువ్వును కోసి ఆడపువ్వు మధ్య మెల్లగా తాకించండి: గుమ్మడికి ఉదయం, ఆనపకు సాయంత్రం.

నాలుగు తీగలకు మన చేతులు చాలుతాయి. జిల్లాలోని పొలాలన్నింటికీ చాలవు. ఆ సంగతి గుర్తుంచుకోవలసిందిగా మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.