మెటడోర్ బ్రేక్ డ్రమ్ కోసం మూడు ఊళ్లు: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

వీడియో చూసేంత డేటా లేనివాళ్లు, బస్సులో సౌండ్ పెట్టలేనివాళ్లు అడిగారని ఈ ఎపిసోడ్‌లో మాట్లాడింది మొత్తం ఇక్కడ రాతలో పెడుతున్నాం.

ఈసారి బండి మెటడోర్. అవును, మీ చిన్నప్పుడు టెంట్ హౌస్ కుర్చీలు, షామియానాలు, వంట గిన్నెలు, వాటి పైన నలుగురు పిల్లలు, అన్నీ ఎక్కించుకుని వచ్చిన ఆ డబ్బా వ్యాన్. 1958లో మొదలైన బజాజ్ టెంపో కంపెనీ జర్మనీ టెంపో డిజైన్ తీసుకుని దీన్ని ఇక్కడ తయారుచేసింది. ఆ కంపెనీ పేరు 2005లో ఫోర్స్ మోటార్స్‌గా మారింది. బండి ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది. అయినా మా దగ్గర ఏ వ్యాన్ వచ్చినా పెద్దవాళ్లు "మెటడోర్ వచ్చింది" అనే అంటారు!

దీని ఇంజన్ బలం ముందు చక్రాలకే వెళ్తుంది. అందుకే అడుగున ప్రొపెల్లర్ షాఫ్ట్ లేదు, ఫ్లోర్ కిందికి ఉంటుంది, సామాను ఎక్కించడం ఈజీ. వెనక యాక్సిల్‌కి డ్రైవ్ లేదు కాబట్టి వెనక డ్రమ్ పని కూడా కొంచెం తేలిక. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి.

మన బండి మా మామది. సూర్యాపేటలో టెంట్ హౌస్ కోసం కొన్నది, ఇప్పుడు ఇంటి బండి. రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతరకి ఇంటిల్లిపాదీ దాన్లోనే దురాజ్‌పల్లి వెళ్లాలని మామ పట్టు. దారి చిన్నదే. కానీ అది 65వ నంబర్ హైవే, హైదరాబాద్-విజయవాడ బస్సులు, లారీలు, పైగా జాతర జనం. వెనక ఎడమ చక్రం విప్పితే డ్రమ్‌కి అంచు నుంచి లోపలికి చీలిక!

బ్రేక్ అంటే ఏంటో ఒక్క లెక్కలో చెప్తా. జనంతో కలిపి రెండున్నర టన్నుల బండి 60 స్పీడ్‌లో వెళ్తోంది అనుకోండి. దాన్ని ఆపితే పుట్టే వేడితో సుమారు లీటరు చల్లటి నీళ్లు మరిగే దాకా వస్తాయి. ఒక్కసారి ఆపితేనే! ఆ వేడిలో ఎక్కువ భాగం డ్రమ్ములే మింగాలి. స్పీడ్ రెట్టింపైతే వేడి నాలుగింతలు. చీలిన డ్రమ్ ఈ వేడికి, షూ లోపల నుంచి తోసే తోపుకీ తట్టుకోలేక ముక్కలైతే, చక్రం పట్టేసినా పట్టేస్తుంది, బ్రేక్ లేకుండా పోయినా పోతుంది.

ముందు సూర్యాపేట. మనకి తెలిసిన మెకానిక్ అన్న డ్రమ్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "తమ్మీ, ఈ బండి సామాను ఇప్పుడు కొత్తది యాడ దొరుకుతది? వెల్డింగ్ పెట్టిస్తే నడుస్తది కదా" అన్నాడు. ఇంకో చోట ఇంకా గొప్ప సలహా: మందపాటి స్టీలు పైపు ముక్క కోసి, ప్లేటుకి వెల్డ్ చేసి డ్రమ్ చేసిస్తామన్నారు. రెండూ వద్దన్నా. ఎందుకో చెప్తా.

బ్రేక్ డ్రమ్ గ్రే కాస్ట్ ఐరన్. అందులో గ్రాఫైట్ రేకులు రేకులుగా ఉంటుంది. అదే వేడిని తొందరగా పంచుతుంది, కీచుమనే అదురుని మింగుతుంది. మామూలు స్టీలుకి ఈ గుణం ఇంతగా లేదు, లైనర్‌తో రాపిడి కూడా తేడాగా ఉంటుంది. ఇక కాస్ట్ ఐరన్‌ని వెల్డ్ చేస్తే అతుకు పక్కన గట్టిపడి పెళుసవుతుంది. పంపు బాడీకి, గేటు ముక్కకి అయితే ఓకే. రోజూ కాలి చల్లారే డ్రమ్‌కి కాదు. పైసలు మిగులుతాయి అని ఎవరన్నా, సారీ, నేను ఒప్పుకోను.

సరే, వేరే డ్రమ్ వెతకాలంటే చేతిలో కొలతలుండాలి. "మెటడోర్ డ్రమ్ ఉందా" అని అడిగితే అందరూ లేదనే అంటారు. లోపలి వ్యాసం, షూ ఆనే వెడల్పు, మొత్తం లోతు, నడుమ రంధ్రం, బోల్టు రంధ్రాలెన్ని, అవి ఉన్న వృత్తం వ్యాసం ఎంత: ఇవన్నీ కాగితం మీద రాసుకుని, పాత డ్రమ్‌ని కూడా డిక్కీలో వేసుకుని వెళ్లాం. బీటెక్ ఫస్టియర్ వర్క్‌షాప్‌లో పట్టుకున్న చిన్న వెర్నియర్ ఇక్కడ పనికిరాదు. లేత్ షాపుల్లో పెద్ద ఇన్‌సైడ్ కాలిపర్ ఉంటుంది, దాంతో కొలిపించండి. ఒకే చోట కాదు, మూడు నాలుగు చోట్ల. వాడిన డ్రమ్ గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డులా సాగుతుంది. పెడల్ కాలికి కొట్టుకున్నట్టు అనిపించేది అందుకే.

కోదాడ. హైవే మీద ఆంధ్రా బార్డర్‌కి దగ్గర్లో ఉన్న ఊరు కాబట్టి లారీ పనులు, పాత బండ్లు విప్పే తుక్కు షాపులు బాగానే ఉన్నాయి. మూడో షాపులో, టైర్ల గుట్ట వెనక, డోర్లు కూడా లేని మెటడోర్ ఒకటి కనిపించింది. ఎడమ డ్రమ్ తుప్పుతో హబ్‌కి అంటుకుపోయింది. సుత్తితో కొట్టొద్దని బతిమాలి, ఆయిల్ పోసి, టీ తాగొచ్చి, మెల్లగా లాగాం. ఊడింది!

కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వింటాం చూడండి, అదే పరీక్ష. తాడుకి వేలాడదీసి చిన్న సుత్తితో తాకిస్తే ఖంగుమనాలి. బొంగురుగా పలికితే చీలిక ఉన్నట్టే. తర్వాత కిరోసిన్ పూసి, పొడిగా తుడిచి, సుద్ద రాశాం. చీలిక ఉంటే కిరోసిన్ బయటికి ఊరి సుద్ద మీద గీత పడుతుంది. మనదాని మీద పడలేదు. తుక్కు రేటుకి రెట్టింపు ఇచ్చి తెచ్చా, బేరం ఆడలేదు.

ఒక జాగ్రత్త. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. డ్రమ్ లోపలి దుమ్ముని గాలి కొట్టి ఎగరగొట్టకండి. తడిపి తుడవండి.

ఇక మిర్యాలగూడ ఎందుకు? రైస్ మిల్లులు. మిల్లు పుల్లీలు, షాఫ్టులు తిప్పే లేత్ మేస్త్రీలకి పెద్ద గుండ్రటి కాస్టింగ్ పట్టుకోవడం రోజువారీ పని. ఆ మేస్త్రి మొదట అడిగిన మాట నాకు బాగా నచ్చింది: "జత ఏది?" ఒకే యాక్సిల్ మీద రెండు డ్రమ్ములూ ఒకే సైజులో ఉండాలి. లేదంటే బ్రేక్ వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. కుడి వైపు డ్రమ్ కూడా విప్పి తెచ్చాం. తేడా 0.6 మిల్లీమీటర్లు. చిన్నదాన్ని పెద్దదానికి సమానం చేయాలి, ఎందుకంటే తీసిన ఇనుము మళ్లీ అతికించలేం.

ఎంత తీయొచ్చు అనేదానికి హద్దు ఉంది. చాలా డ్రమ్ముల మీద గరిష్ఠ వ్యాసం పోతపోసే ఉంటుంది. మాటవరసకి 280 మిల్లీమీటర్ల డ్రమ్ మీద 282 అని ఉంటే, 282 దాటితే అది తుక్కే. గోడ పల్చబడితే వేడి తట్టుకోదు. మేస్త్రి నడుమ రంధ్రాన్ని, హబ్‌కి ఆనే ముఖాన్ని ఆధారం చేసుకుని డయల్ గేజ్ పెట్టి సెట్ చేశాకే టూల్ ముట్టించాడు. బయటి అంచు చూసి పట్టిస్తే లోపల గుండ్రంగానే వస్తుంది, కానీ హబ్ మీద ఎక్కించాక ఊగుతుంది. కొత్త లైనర్లని కూడా ఈ కొత్త వ్యాసానికి తగ్గట్టు రుద్దించాం.

తుక్కులో ఇది దొరక్కపోయుంటే? ప్లాన్ బి పోత పోయించడమే. చెక్క నమూనా చేయించి ఫౌండ్రీకి ఇవ్వాలి. కాస్ట్ ఐరన్ చల్లారేటప్పుడు సుమారు ఒక శాతం కుంచించుకుపోతుంది కాబట్టి 300 మిల్లీమీటర్లకి 3 కలపాలి, లేత్‌లో తీసేది వేరే. ఒక్క బండికి ఖర్చు తడిసి మోపెడు. పది మంది ఓనర్లు కలిస్తే మాత్రం ఆలోచించొచ్చు.

చాలామంది దీన్ని వింటేజ్ అంటున్నారు. చట్టం ప్రకారం కాదు. 2021 రూల్స్‌లో వింటేజ్ అంటే మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి. నంబర్లో వీఏ అక్షరాలు వస్తాయి, ఫీజు 20,000. పైగా ఆ నంబర్‌తో రోజూ రోడ్డు మీద తిరగనివ్వరు. మామకి ఆ సంగతి చెప్తే, "మరి నాకెందుకది" అన్నాడు.

బిగించాక ఖాళీ రోడ్డు మీద 40 స్పీడ్ నుంచి మెల్లగా తగ్గిస్తూ, మధ్యలో చల్లారనిస్తూ ఇరవై సార్లు ఆపాం, లైనర్ డ్రమ్‌కి అలవాటు పడాలని. తర్వాత టెంపరేచర్ గన్‌తో చూస్తే ఎడమ డ్రమ్ 71 డిగ్రీలు, కుడి 68. అంత దగ్గరగా ఉంటే చాలు. ఇరవై ముప్పై తేడా వచ్చుంటే ఒక పక్క షూ వదలట్లేదని మళ్లీ విప్పేవాళ్లం.

ముందు డ్రమ్ములు ఇంకా విప్పలేదు. అటు డ్రైవ్ షాఫ్ట్ ఉంది, పుల్లర్ కావాలి, ఆ పని వచ్చే ఎపిసోడ్‌లో. అది అయ్యేదాకా తాళం చెవి నా దగ్గరే ఉంటుందని మామకి చెప్పేశా.