అమరావతి మహాచైత్యం: రాళ్లు ఎటు పోయాయి?

 

డబ్లిన్‌కి ఉత్తరాన ఉన్న న్యూగ్రేంజ్ మీలో చాలామంది చూసే ఉంటారు. క్రీ.పూ. 3200 ప్రాంతంలో కట్టిన గుండ్రటి సమాధి దిబ్బ. చుట్టూ 97 పెద్ద రాళ్లు. 1699లో రోడ్డు కోసం రాళ్లు తీస్తుంటే లోపలికి వెళ్లే దారి బయటపడింది. సుమారు వందేళ్ల తర్వాత మన కృష్ణ ఒడ్డున కూడా అలాగే రాళ్ల కోసం ఓ దిబ్బ తవ్వారు. అదే ధాన్యకటకం మహాచైత్యం, ఇప్పటి అమరావతి స్తూపం.

రెంటికీ సంబంధం ఏమీ లేదండి. న్యూగ్రేంజ్ లోపలికి వెళ్లొచ్చు. స్తూపానికి లోపల గది ఉండదు, చుట్టూ ప్రదక్షిణ చేయాలి, అంతే. అమరావతి స్తూపం అడుగున వ్యాసం దాదాపు 50 మీటర్లు. నాలుగు దిక్కులా ఆయక వేదికలు, ఒక్కోదాని మీద ఐదు స్తంభాలు. బుద్ధుడి జీవితంలోని ఐదు ఘట్టాలకి అవి గుర్తులంటారు. బయట పల్నాటి సున్నపురాయితో ప్రాకారం.

ఇదంతా ఒక్క రాజు కట్టించింది కాదు. మౌర్యుల కాలంలో మొదలై శాతవాహనుల కాలంలో పెరిగింది. రాళ్ల మీద దాతల పేర్లు ఉన్నాయి: వర్తకులు, గృహిణులు, భిక్షుణులు. తోలుపని చేసే విధికుడు అనే ఆయన కూడా ఓ పలక ఇచ్చాడు. 1344 నాటి శ్రీలంక శాసనంలోనూ ధాన్యకటకం మాట వస్తుంది. అంటే అప్పటికీ అక్కడి బౌద్ధులు ఈ చోటుని మరవలేదన్నమాట.

మరి ఇప్పుడేముంది? మెకంజీ 1816లో మళ్లీ వచ్చేసరికే దిబ్బ నడుమ చెరువు కోసం తవ్వేశారు. 1845లో ఇలియట్ తవ్వించిన శిల్పాలు మద్రాసుకి, అక్కడినుంచి చాలావరకు లండన్‌కి వెళ్లాయి. న్యూగ్రేంజ్ రాళ్లు చాలావరకు అక్కడే ఉన్నాయి కాబట్టి 1962 నుంచి 1975 దాకా తవ్వి దాన్ని మళ్లీ నిలబెట్టగలిగారు. మనకి ఆ వీలు లేకపోయింది.

అయినా స్తూపం ఎలా ఉండేదో మనకి తెలుసు. ఎందుకంటే శిల్పులు ఆ స్తూపం బొమ్మనే దాని పలకల మీద చెక్కారు! అలాంటి పలక ఒకటి బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని వెనక వైపు అంతకుముందెప్పుడో చెక్కిన బోధివృక్షం, ఖాళీ ఆసనం కనిపిస్తాయి. పాత పలకనే తిప్పి మళ్లీ వాడుకున్నారు.

లండన్ వెళ్తే ఆ పలక చూడండి. ఊరెళ్లినప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియం, ఆ తర్వాత అమరావతి. ఒక్క స్తూపాన్ని చూడాలంటే ఇప్పుడు మూడు ఊళ్లు తిరగాలి మరి. ఉంటానండి.