బీపీటీ అంటే బియ్యం ఒక్కటే కాదు
(2023-24 వార్షిక సర్వసభ్య సమావేశంలో సమాఖ్య పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి రికవరీ అన్నీ ఈ పుస్తకంలో ముందు పేజీల్లో అచ్చయినాయి. వాటినే మళ్ళీ చదివి మీ పొద్దు పుచ్చము. మాకిచ్చిన టైమంతా ఒక్క సంగతికే వాడుకుంటాము. ఇంటర్ బైపీసీ చదివి, పాసై, మార్కులు మాత్రం నడిమధ్యలో వచ్చిన మన ఆడపిల్లల సంగతి.

గ్రామ సమాఖ్య మీటింగుల్లో మేము బీపీటీ అనే మాట ఎత్తితే నవ్వినారు. "బీపీటీ మాకు తెలీదా? 5204. నాట్లేసేది మేమే కదా" అన్నారు. నిజమే. కేసీ కాలువ కింద పండేదంతా అదే, మన ఇండ్లలో ఉడికేదీ అదే. ఆ బీపీటీ బాపట్ల పేరు మీద వచ్చింది. మేము చెప్పే బీపీటీ వేరే. బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ. మీ నోటి మాటలో చెప్పాలంటే ఆసుపత్రిలో "కరెంటు పెట్టేవాళ్ళ" చదువు. కరెంటు పెట్టేది అందులో ఒక మూల మాత్రమే. పడిపోయిన చెయ్యిని, బిగుసుకున్న కీలుని, నిలబడలేని బిడ్డని కసరత్తులతో, చేతి పట్టుతో మళ్ళీ కదిలించేది అసలు పని.

ఈ పని మన తావున ఎంత అవసరమో మీకు చెప్పాల్సిన పని లేదు. వంగి నాట్లేసి, పత్తి తీసి, మిరపకాయలు కోసి నడుము పట్టనిది ఈ హాల్లో ఎవరో చెయ్యెత్తండి చూద్దాం. ఆళ్ళగడ్డలో శిల్పాలు చెక్కే ఇండ్లలో మగవాళ్ళ భుజాలు, మణికట్లు ఏమవుతాయో వాళ్ళ ఆడవాళ్ళకి తెలుసు. ఎముక విరిగితే పుత్తూరు పోయి కట్టు కట్టించుకొని వస్తాము. ఎముక అతుక్కుంటుంది. కట్టు విప్పినాక మోచెయ్యి మడవదు. అప్పుడేం చేయాలో చెప్పేవాళ్ళు ఊర్లో ఉండరు. పక్షవాతం వచ్చిన మామను మంచం మీద తిప్పేది కోడలే. ఎట్ల తిప్పాలో, చెయ్యి బిగుసుకోకుండా ఏం చేయాలో ఆ కోడలికి చూపించేవాళ్ళు లేరు. మండలాల్లో భవిత కేంద్రాలు ఉన్నాయి. ప్రత్యేక అవసరాల పిల్లలకి అక్కడ ఫిజియోథెరపీ చేస్తారు, అదీ ఆ మనిషి వచ్చిన రోజే. 2023 సెప్టెంబరులో నంద్యాలలో సర్కారు మెడికల్ కాలేజీ మొదలైంది. డాక్టర్లు తయారవుతారు, సంతోషం. ఆపరేషన్ అయినాక మనిషిని నడిపించేవాళ్ళు కూడా తయారు కావాలి కదా.

ఇంకొక మాట. ఈ వృత్తి పుట్టిందే ఆడవాళ్ళ చేతుల మీద. 1894లో ఇంగ్లండులో నలుగురు నర్సులు ఒక సంఘంగా చేరి, తమ పనికి పరీక్ష ఉండాలి, గౌరవం ఉండాలి అని నిలబడినారు. మనకైతే గ్రూపు కట్టడానికి పదిమంది కావాలి, వాళ్ళు నలుగురితోనే మొదలుపెట్టినారు. మన దేశంలో 1953లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో ఈ చదువుకి మొదటి స్కూలు తెరిచినారు. అప్పట్లో పోలియో పిల్లల కాళ్ళను చచ్చుబడేస్తుండె.

ఇంగ అసలు విషయానికొస్తాము. మార్కులు.

మన ఇండ్లలో బైపీసీ అంటే డాక్టరు చదువు అనుకొని చేర్పిస్తాము. నీట్‌లో సీటు రాకపోతే ఆ పిల్ల పని అయిపోయింది అనుకుంటాము. మధ్యలో ఇన్ని మెట్లు ఉన్నాయని ఎవరూ చెప్పరు. చుట్టాలు సంబంధాలు మోసుకొస్తారు. మన గ్రూపులోని ఒక సభ్యురాలి కూతురికి వెయ్యికి 561 వచ్చినాయి. "ఈ మార్కులకి ఏం సీటొస్తాది, పద్దెనిమిది నిండినాయి, ముహూర్తం పెట్టుకుంటాం" అని ఇంట్లో అన్నారు. ఆ తల్లి మెమో తీసుకొని మా దగ్గరికి వచ్చింది. మేము కూర్చొని లెక్క తీసినాము. ఆ లెక్క మీరూ నేర్చుకోవాలి.

బైపీసీలో వెయ్యి మార్కులు. అందులో ఇంగ్లీషుకి 200, రెండో భాషకి 200. మిగిలిన 600 సైన్సు సబ్జెక్టులవి, ప్రాక్టికల్స్‌తో కలిపి. 2023-24లో మన రాష్ట్రంలో బీపీటీకి నీట్ ర్యాంకు అడగలేదు. ఇంటర్‌లో సైన్సు సబ్జెక్టుల మార్కుల మీద మెరిట్ లిస్టు వేసినారు. అంటే మొత్తం 561 అని చూసి భయపడేది కాదు, 600లో ఎన్ని అని చూడాలి. ఈ పాపకి ఇంగ్లీషు దెబ్బ కొట్టింది గానీ సైన్సులో 382 ఉన్నాయి. ఇంకొక పాపకి మొత్తం మార్కులు ఎక్కువే, అందులో సంస్కృతం పెట్టిన మార్కులే సగం బలం. సంస్కృతం తీసుకుంటే మార్కులు వస్తాయని కాలేజీల వాళ్ళు చెప్తారు, వస్తాయి కూడా. ఈ లిస్టులో మాత్రం అవి పనికిరావు. ఇప్పుడు ఫస్టియర్‌లో ఉన్న పిల్లలకి ఒక దారి ఉంది. పాసైనా సరే, సైన్సు పేపర్లలో తక్కువ వచ్చి ఉంటే ఎండాకాలంలో జరిగే సప్లిమెంటరీలో ఇంప్రూవ్‌మెంట్ రాసుకోవచ్చు. ఫీజు కట్టే తారీఖు దాటిపోకుండా చూసుకోండి.

సీట్లు ఇచ్చేది విజయవాడలోని హెల్త్ యూనివర్సిటీ. 1986లో పెట్టినారు. ఎన్టీఆర్ పేరుతో ఉండె, 2022లో వైఎస్సార్ పేరు పెట్టినారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే పెట్టినారు. పేరేదైనా నోటిఫికేషన్ అక్కడి నుంచే వస్తుంది. తిరుపతి స్విమ్స్ సొంతంగా ఒక యూనివర్సిటీ, దాని నోటిఫికేషన్ వేరేగా చూసుకోవాలి. డిసెంబరు 31 నాటికి పిల్లకి 17 ఏండ్లు నిండి ఉండాలి. రెగ్యులర్ బైపీసీ ఒక్కటే దారి కాదు. ఓపెన్ స్కూల్లో బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీతో ఇంటర్ పాసైనా అర్హతే. ఒకేషనల్ ఇంటర్‌లో ఫిజియోథెరపీ కోర్సు చదివి, దానికి బ్రిడ్జి కోర్సు పరీక్ష పాసైనవాళ్ళూ పెట్టుకోవచ్చు. బ్రిడ్జి కోర్సు సంగతి తెలియక ఆగిపోయిన పిల్లలు మన మండలాల్లోనే ఉన్నారు. చదువు మధ్యలో ఆగిన పిల్ల ఉంటే ఓపెన్ స్కూలు గుర్తు పెట్టుకోండి. రూల్సు ఏటా కొంచెం అటూఇటూ మారుతుంటాయి కాబట్టి ఆ ఏటి ప్రాస్పెక్టస్ పూర్తిగా చదివించుకోవాల్సిందే, పోయినేటి మాట నమ్మకూడదు.

మెరిట్ లిస్టులో మన పిల్ల పేరు కింద ఉంది అని ఏడ్చేవాళ్ళని చూసినాము. ఏడవద్దు. ఆ లిస్టు కదులుతుంది. పైన ఉన్న పిల్లల్లో కొందరు ఎంబీబీఎస్‌కి, బీడీఎస్‌కి, ఆయుర్వేదానికి, వెటర్నరీకి, అగ్రికల్చర్ బీఎస్సీకి వెళ్ళిపోతారు. వాళ్ళు వదిలిన సీట్లు రెండో విడతలో, ఆ తర్వాతి విడతలో కిందికి వస్తాయి. 561 పాపకి మొదటి విడతలో రాలేదు. ఇంట్లో మళ్ళీ ముహూర్తం మాట వచ్చింది. ఆ తల్లి, "ఇంకొక విడత చూసి మాట్లాడదాం" అని ఒక్క మాట మీద నిలబడింది. రెండో విడతలో సీటు వచ్చింది, ఊరికి దూరం, అయినా కన్వీనర్ సీటు.

రెండు లెక్కలు మన పక్షాన ఉన్నాయి. ఉమ్మడి కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, నెల్లూరు జిల్లాలు కలిపి ఎస్వీ యూనివర్సిటీ ఏరియా. ఈ ఏరియా కాలేజీల్లో 85 శాతం సీట్లు లోకల్ పిల్లలవే. ఆడపిల్లలకి ప్రతి కేటగిరీలోనూ మూడో వంతు వాటా ఉంది. లోకల్ అని రుజువు కావాలంటే ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు వరసగా ఉండాలి. ఇక్కడే మనవాళ్ళు ఇరుక్కుంటారు. ఏడు ఒక బడి, ఎనిమిది మేనమామ ఊర్లో, తొమ్మిది హాస్టల్లో. ఆ బడి హెడ్మాస్టరు బదిలీ అయిపోయి ఉంటాడు. నోటిఫికేషన్ వచ్చినాక తిరిగితే అయ్యే పని కాదు, ఇప్పుడే తెచ్చి పెట్టుకోవాలి. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు సచివాలయంలో ఇస్తారు.

డబ్బు మాట. 2023-24లో కన్వీనర్ కోటాలో సీటొచ్చి, కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపు ఉంటే జగనన్న విద్యా దీవెనకి పెట్టుకునేవాళ్ళు, హాస్టలు ఖర్చుకి వసతి దీవెన డిగ్రీ పిల్లలకి ఏడాదికి 20 వేలు ఉండె. పిల్ల హాజరు 75 శాతం తగ్గితే ఇవి ఆగిపోయేవి. చదువు సాయం డబ్బు మన ఖాతాలో పడితే దాన్ని గ్రూపు కిస్తీకి తిప్పేయకండి. కాలేజీకి కట్టకపోతే పిల్ల హాల్ టికెట్టు దగ్గర ఇబ్బంది పడుతుంది. మేనేజ్‌మెంట్ సీటైతే ఖర్చంతా మన మీదే. బ్యాంకులో చదువు అప్పు నాలుగు లక్షల దాకా తనఖా లేకుండా ఇవ్వాలనేది బ్యాంకుల పథకంలోనే ఉంది, విద్యాలక్ష్మి పోర్టల్లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. మూడు రూపాయల వడ్డీకి తెచ్చే ముందు ఆ తలుపు తట్టండి.

కౌన్సెలింగు టైంలో ఫోన్లు వస్తాయి. "మీ పాప మార్కులకి ఇక్కడ రాదు, బెంగళూరు తట్టు సీటుంది, ఇరవై వేలు అడ్వాన్సు కొట్టండి" అని. మా దగ్గరి గ్రూపులో ఒకామె పుస్తెల తాడు కుదువ పెట్టి అట్ల కట్టింది. తీరా పోతే అది డిగ్రీ కాదు, ఏడాది సర్టిఫికెట్ కోర్సు. అడ్వాన్సు తిరిగి రాలేదు. పక్క రాష్ట్రంలో మంచి కాలేజీలు లేవని మేము అనడం లేదు. ఆ కాలేజీ ఏ యూనివర్సిటీ కింద ఉందో, ఆ యూనివర్సిటీ వెబ్‌సైటు లిస్టులో దాని పేరు ఉందో లేదో, మన ఫీజు సాయం దానికి వర్తిస్తుందో లేదో ఈ మూడూ చూడకుండా రూపాయి తీయొద్దు. 2021లో కేంద్రం ఇట్లాంటి ఆరోగ్య వృత్తులకి చట్టం తెచ్చింది. ముందు ముందు రిజిస్ట్రేషన్ లేనిది ఈ పని చేయనీయరు. ఆరు నెలల కాగితాలకి విలువ ఉండదు.

సీటు రావడంతో పని అయిపోదు. ఇది మేము గట్టిగానే చెప్తాము, ఎందుకంటే తేలిక చదువనుకొని చేరి మొదటి ఏడే తప్పినవాళ్ళు ఉన్నారు. 2023-24లో ఇది నాలుగేండ్ల చదువు, పైన ఆర్నెల్లు ఇంటర్న్‌షిప్. మొదటి ఏడు అనాటమీ, ఫిజియాలజీ. మనిషి ఒంట్లో ప్రతి ఎముక, ప్రతి కండ, ప్రతి నరం పేరూ ఇంగ్లీషులో. తెలుగు మీడియం పిల్లలకి ఆ ఏడు కష్టంగా ఉంటుంది. సీటొచ్చిన పాప మొదటి నెలలోనే ఇంటికి ఫోన్ చేసి "నాతో కాదమ్మా" అనింది. మా సమాఖ్య అకౌంటెంటు, ఆమె కూడా తెలుగు మీడియమే, ఒక నోటు పుస్తకంలో ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగులో దాని అర్థం రాసుకోమని చెప్పింది. ఆ పుస్తకం ఇప్పుడు మూడో పుస్తకానికి వచ్చింది. ఫస్టియర్ రిజల్టు ఇంకా రాలేదు.

జీతం విషయం దాచము. కొత్తగా బయటికొచ్చిన పిల్లకి ప్రైవేటు ఆసుపత్రిలో ఇచ్చేది తక్కువే. అనుభవం వచ్చి, ఇండ్లకు పోయి చేసేటప్పుడు, సొంతంగా చిన్న క్లినిక్కు పెట్టుకున్నప్పుడు నిలదొక్కుకుంటారు. రెండేండ్ల ఎంపీటీ చేస్తే పాఠాలు కూడా చెప్పొచ్చు. ముసలివాళ్ళను పట్టుకొని లేపాలి, మగ పేషెంట్లను ముట్టుకోవాలి, పొద్దంతా నిలబడాలి. వీటికి మనసొప్పని పిల్లను బలవంతంగా తోయొద్దు. ఆమెకి నర్సింగో, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సో, మామూలు డిగ్రీయో చూద్దాం. పిల్లను అడగండి, అమ్మా. సంబంధం చూసేటప్పుడు ఎట్లాగూ అడగం, దీనికైనా అడుగుదాం.

పాలకవర్గం తరఫున ఒక తీర్మానం పెడుతున్నాము. ఇంటర్ రిజల్టు వచ్చిన వారం లోపల ప్రతి గ్రామ సమాఖ్య ఒక రోజు పెట్టుకొని, బైపీసీ పిల్లల మెమోలు, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ ఒక చోటికి తేవాలి. సైన్సు మార్కుల లెక్క అక్కడే తీస్తాము. అప్లికేషను నింపేది నెట్ సెంటరు కుర్రాడికి వదిలేయకుండా మన అకౌంటెంటు పక్కన కూర్చుంటుంది. ఫోన్ నంబరు తల్లిదే ఇవ్వాలి, ఎందుకంటే సీటు మెసేజీ ఆ నంబరుకే వస్తుంది. అప్లికేషను ఫీజుకి చేతిలో లేనివాళ్ళకి గ్రూపు అంతర్గత అప్పు నుంచి ఇప్పించాలి, కంతులు రెండు నెలలు ఆగి మొదలుపెట్టుకోవచ్చు. దీనికి ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తితే మినిట్స్ పుస్తకంలో రాసుకుంటాము.