కుంట మనదే, కానీ కట్ట తెగితే మునిగేది ఎవరు?

నేనిప్పుడు ఆత్మకూరు దగ్గర, మా కుంట కట్ట మీద నిలబడి మాట్లాడుతున్నా. వెనక కనపడేవి నల్లమల కొండలు. ఇటు కిందికి చూడండి, నాలుగు ఇండ్లు ఉన్నాయి కదా? ఈరోజు వీడియో ఆ నాలుగు ఇండ్ల గురించి. ఇందులో తప్పు నాది కూడా ఉంది కాబట్టి, అది ముందే చెప్పేస్తా.

ఈ కుంట మా పొలంలో, మా నాయన సొంత డబ్బుతో కట్టించింది. మట్టికట్ట, ఎత్తు 3 మీటర్ల పైచిలుకు. ఇంత చిన్నదానికి సేఫ్టీ ఏంటి బ్రో అంటారేమో. ఒక లెక్క చెప్తా. ఒక ఎకరా విస్తీర్ణంలో సగటున 2 మీటర్ల లోతు నీళ్లు నిలిస్తే, అది దాదాపు 80 లక్షల లీటర్లు. అంటే 8 వేల టన్నులు. 10 టన్నుల లోడు లారీలు 800 అన్నమాట. అన్ని లారీలు ఆ నాలుగు ఇండ్ల నెత్తిన పార్కింగ్ చేసి పెట్టినట్టు.

ఇక నా తప్పు. రెండేళ్ల కిందట మిరప వేశాం. ఇంకో అడుగు నీళ్లు నిలబడితే ఇంకో తడి వస్తుందని, అలుగుకు అడ్డంగా ఇసుక బస్తాలు వేద్దామన్నా. అలుగు అంటే తెలుసు కదా, కుంట నిండినాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి. మన సీమలో కొన్ని ఊర్లలో మరవ అంటారు. మా నాయన, "అలుగు జోలికి పోవద్దురా" అన్నాడు. నేను వినలా. బస్తాలు వేసేసినా.

సెప్టెంబరులో ఒక రాత్రి వాన దంచి కొట్టింది. పదకొండు గంటలప్పుడు కింద ఇంట్లో ఉండే చిన్నాయన ఫోన్ చేసినాడు. "కట్ట వెనకాల నీళ్లు కారుతున్నాయప్పా, వచ్చి చూడు." నేను పోయి చూసి, ఊట లే, మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది అన్నా. మా నాయన ఒక్కటే అడిగినాడు: "తేటగా వస్తున్నాయా, మట్టిగా వస్తున్నాయా?"

నాకు చీకట్లో తెలియలా. గాజు గ్లాసులో పట్టి, వెనక ఫోన్ టార్చ్ పెట్టి చూసినాం. టీ రంగులో ఉన్నాయి.

ఫ్రెండ్స్, ఈ వీడియోలో ఇదొక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు. ఊట తేటగా వస్తే నీళ్లు మాత్రమే వస్తున్నాయని అర్థం. మట్టిగా వస్తే కట్టే లోపల్నుంచి కరిగి వస్తోందని అర్థం. బయట కట్ట గట్టిగానే కనపడుతుంది, లోపల సొరంగం పెరుగుతా ఉంటుంది. ఆ సొరంగం పైకప్పు కూలిందంటే గండి పడినట్టే. మా కట్టలో అది మోటారు పైపు పక్కనే మొదలైంది. పైపు కోసం కట్టను తవ్వి, మళ్లీ మట్టిని సరిగ్గా దిమ్మిస చేయలేదు. నీళ్లు పైపు వెంబడే దారి చేసుకున్నాయి.

అప్పుడేం చేసినామంటే, మొదట ఆ నాలుగు ఇండ్లనూ లేపి, పిల్లల్ని, ముసలోళ్లని ఎత్తు మీదికి పంపినాం. తర్వాత అలుగు మీద బస్తాలు తీసేసినాం. నీళ్లు దిగడం మొదలైంది. మట్టి వచ్చేచోట బంకమట్టితో మూయాలని నా చేతులు ఉరికాయి. మా నాయన ఆపినాడు. మూస్తే నీళ్లు ఆగవు, పక్కన ఇంకో దారి వెతుక్కుంటాయి. అందుకే ముందు ఇసుక, దాని మీద కంకర, ఆపైన రాళ్లు పేర్చినాం. నీళ్లు బయటికి రావాలి, మట్టి మాత్రం లోపలే ఆగాలి. అదీ సూత్రం. తెల్లారేసరికి ఊట తేటపడింది. కట్ట నిలిచింది.

పొద్దున చిన్నాయన వాళ్ల కోడలు ఒక మాట అనింది. "మీ నీళ్లు, మీ ఇష్టం. బస్తాలు వేసేటప్పుడు ఒక మాట చెప్పుంటే, పిల్లల్ని ఊర్లో పండబెట్టుకునేదాన్ని కదన్నా." దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

అప్పట్నుంచి నేను దీని గురించి చదవడం మొదలుపెట్టినా. మన సీమలోనే, కార్వేటినగరం జమీందారు చెరువులు రెండు పెద్ద వానలకు తెగి, ఆ నీళ్లు రైల్వే లైనును దెబ్బతీశాయి. మద్రాసు రైల్వే కంపెనీ కేసు వేసింది. అది లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1874లో తీర్పు. అంతకు ముందు 1868లో ఇంగ్లండులో ఇలాంటిదే ఇంకో కేసు. ఒక మిల్లు యజమాని సొంత నీటి గుంట పక్కవాడి బొగ్గు గనిని ముంచితే, నీ తప్పు ఉన్నా లేకపోయినా నష్టం నువ్వే కట్టాలి అన్నారు. కానీ కార్వేటినగరం విషయంలో అట్ల అనలేదు. ఇక్కడ చెరువులు జనానికి బతుకుదెరువు, వాటిని కాపాడటం జమీందారు విధి, కాబట్టి నిర్లక్ష్యం ఉంటేనే బాధ్యుడు అన్నారు. నిర్లక్ష్యం రుజువు కాలేదు. జమీందారు గెలిచాడు.

అంటే మొత్తం కథ ఒక ప్రశ్న దగ్గర ఆగుతుంది: నువ్వు తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకున్నావా? ఆ రాత్రి మా కట్ట తెగి ఉంటే, అలుగులో బస్తాలు పెట్టుకుని నేనేం చెప్పేవాణ్ణి?

గవర్నమెంటు చూసుకుంటుంది కదా అనుకోవద్దు. 2021లో డ్యాం సేఫ్టీ చట్టం వచ్చింది, మంచిదే. కానీ అది 15 మీటర్లు దాటిన డ్యాములకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య కొన్ని షరతులకు సరిపోయేవాటికి. మన కుంటలు దాని లెక్కలోకే రావు. నీళ్లకు ఆ సంగతి తెలియదు. కెన్యాలో సొలాయ్ అనే చోట, ఒక ప్రైవేటు ఎస్టేటు సాగునీటి మట్టికట్ట 2018 మే 9 రాత్రి తెగి 40 మందికి పైగా చనిపోయారు. మన దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు గుర్తుంది కదా, 2021 నవంబరు 19. అది పెద్దది, ప్రభుత్వానిది. కానీ కొట్టుకుపోయింది మట్టికట్టే. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే దాన్ని కోసుకుంటూ పోతాయి.

మన పెద్దోళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు అందులో రాశారు. మొట్టమొదటిది ఏంటో తెలుసా? కట్టలోంచి నీళ్లు కారడం.

సరే, మీకు కుంట ఉంటే ఈ వానాకాలానికి ముందే ఇవి చేయండి.

ఒకటి, అలుగు ఖాళీగా ఉండాలి. బస్తాలు, కంప, వలలు ఏవీ వద్దు.

రెండు, కట్ట పొడవునా నడవండి. ఎలుక బొక్కలు, ఎండ్రకాయ బొక్కలు, నెర్రెలు చూడండి. నల్లరేగడి అయితే ఎండాకాలం నెర్రెలు లోతుగా పోతాయి, తొలి వాన నీళ్లు నేరుగా వాటిలోకే దిగుతాయి.

మూడు, కట్ట మీద చెట్లు పెరగనీయొద్దు. చెట్టు చచ్చినాక దాని వేరు కుళ్లిన దారే నీళ్లకు దారి.

నాలుగు, కొత్త మట్టి పోస్తే జానెడుకు మించని పొరలుగా, కాస్త తడి ఉండేటట్టు, ప్రతి పొరనూ దిమ్మిస చేయండి. జేసీబీతో కుప్ప పోసి వదిలేస్తే అది కట్ట కాదు, మట్టి దిబ్బ.

ఐదు, చేతిలో ఫోన్ ఉంది కదా. ఊట వచ్చే చోటు ఒకే మూల నుంచి రోజూ ఒక ఫోటో తీయండి. గ్లాసులో నీళ్లు కూడా. తేడా మీకే కనపడుతుంది.

ఆరోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. కట్ట కింద ఎవరున్నారో వాళ్ల నంబర్లు ఫోన్‌లో పెట్టుకోండి. మా కుంటకు ఇప్పుడొక వాట్సాప్ గ్రూపు ఉంది. పెద్ద వాన వచ్చినప్పుడు నీళ్లు అలుగుకు ఎంత దూరంలో ఉన్నాయో గంటకోసారి ఫోటో పెడతా. మోటారు పైపు తీసేసి, అక్కడ కట్టను మళ్లీ వేసినాం. అలుగు వెడల్పు చేసినాం. ఆ ఏడు ఇంకో తడి రాలేదు, మిరప కొంచెం తగ్గింది. తగ్గనీ.

చిన్నాయన మాత్రం వాన పడితే ఇప్పటికీ టార్చ్ పట్టుకుని కట్ట దగ్గరికి వస్తాడు. గ్రూపులో ఫోటో పెట్టినా కదా చిన్నాయనా అంటే, "నీ ఫోటో చూసినా, నా కళ్లతో కూడా చూసుకుంటా" అంటాడు. చూసుకోనీ. ఆయనకు ఆ హక్కుంది.

మీ ఊర్లో కుంట ఉన్నోళ్లకు, కుంట కింద ఇల్లు ఉన్నోళ్లకు ఈ వీడియో పంపండి. మీ కట్ట ఎట్లుందో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి.