ఆల్‌ఫ్రిస్టన్ ఇల్లు: దూలాలు చెప్పే చరిత్ర



ఈ ఉపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారు చరిత్ర పాఠంలో రాజు పేరు కన్నా ముందు ఆ కాలపు సామాన్యుడి ఇల్లెలా ఉండేదని అడిగేవారు. అందుకే ఈ సాయంత్రం కోటలనూ గోపురాలనూ పక్కనబెట్టి, గడ్డి కప్పిన ఒక చిన్న ఇంటి గురించి మాట్లాడతాను.

ఆ ఇల్లు ఇంగ్లండు దక్షిణాన, ససెక్స్‌లో, కక్‌మీర్ నది ఒడ్డున ఉన్న ఆల్‌ఫ్రిస్టన్ గ్రామంలో ఉంది. ఊళ్లో పెద్ద చర్చి, దాని పక్కనే ఈ ఇల్లు. రెండూ 14వ శతాబ్దానివి. దీన్ని 'క్లర్జీ హౌస్' అంటారు, అంటే చర్చి గురువుల ఇల్లు. ఆ పేరు విని చాలామంది ఇది సన్యాసులు కట్టిన ఇల్లనుకుంటారు. మఠంతో సంబంధం ఉన్నమాట నిజమే. దగ్గర్లోని మిషెల్‌హామ్‌లో అగస్టీనియన్ సంప్రదాయపు మఠం 1229లో వెలిసింది. 14వ శతాబ్దం చివర్లో ఆల్‌ఫ్రిస్టన్ చర్చి మీది హక్కులు ఆ మఠం చేతికి వచ్చాయి. అయితే మఠం చేతికి రావడం వేరు, మఠమే కట్టించడం వేరు. ఈ తేడా తేల్చాలంటే కాగితాలొక్కటే చాలవు, కలపను కూడా అడగాలి.

కలప ఏం చెబుతోంది? కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో వందలాదిగా నిలిచిన 'వీల్డెన్' తరహా ఇళ్లలో ఇదొకటి. మధ్యలో నేల నుంచి కప్పు దాకా ఖాళీగా ఉండే ఒక పెద్ద హాలు, రెండు చివర్లా మేడగదులు, అన్నిటికీ కలిపి ఒకే కప్పు. చివరి మేడగదులు కింది గోడ కన్నా కాస్త ముందుకు పొడుచుకొస్తాయి. దాంతో మధ్య హాలు లోపలికి నొక్కినట్టుంటుంది. ఈ పద్ధతిలో ఎక్కువగా కట్టుకున్నది కాస్త కలిగిన రైతులు. మఠాల వాళ్లకు వేరే వాస్తు ఉంది. అందుకని నా అభిప్రాయం ఇది: ఇంటి ఆకారం రైతుది, ఇంటి పేరు మఠం వల్ల వచ్చింది.

హాలు నడిమధ్య నేల మీదే నిప్పు రాజేసేవారు. పొగగొట్టం లేదు. పొగ పైకెక్కి, గడ్డి సందుల్లోంచి బయటికి పోయేది. ఇలాంటి ఇళ్లను పరిశీలించేవారు ముందుగా చేసే పని నిచ్చెన వేసుకుని అటక మీదికి ఎక్కడం. నడుమ భాగంలోని వాసాలకు మసి పట్టి, చివర్ల వాసాలు తేటగా ఉంటే, మధ్యగది ఒకప్పుడు కప్పు దాకా తెరిచి ఉండేదని తేలిపోతుంది. తరవాతి తరాలు హాలుకు అడ్డంగా అంతస్తు వేసినా, గోడలు మార్చినా, ఆ మసి మాత్రం ఎక్కడికీ పోదు.

ఇంకో సాక్ష్యం బెజ్జాలు. వడ్రంగి పచ్చి ఓక్ కలపలో కుసి, బెజ్జం చెక్కి, చెక్క చీలలు దిగ్గొట్టి బిగించేవాడు. ఏ ముక్క ఎక్కడికో తెలియడానికి కీళ్ల దగ్గర గీతలతో గుర్తులు వేసుకునేవాడు. ఇప్పుడు ఒక దూలం అడుగున ఖాళీ బెజ్జం కనిపిస్తే, అక్కడో నిలువు కొయ్య ఒకప్పుడు ఉండేదని అర్థం. వరసగా నలుపలకల చిన్న గుంటలుంటే, అవి అద్దాలు లేని పాత కిటికీ ఊచలు దిగిన చోట్లు. పచ్చి కలప వాడారు కాబట్టి చెట్టు కొట్టిన ఏడాదికీ ఇల్లు లేచిన ఏడాదికీ పెద్ద ఎడం ఉండదు. దూలంలో బెరడు అంచు మిగిలి ఉంటే, చెట్టు వలయాల వరసను పోల్చి ఆ ఏడాదినే పట్టుకోవచ్చు.

ఆల్‌ఫ్రిస్టన్ హాలు నేలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. సుద్దగడ్డలు పరిచి, దిమ్మిస కొట్టి, పులిసిన పాలతో గట్టిపరిచారు. మన ఇళ్లలో పేడతో అలికిన నేల లాంటిదే అది: చేతికందిన సరుకు, చవకైన పని, ఏళ్ల తరబడి మన్నిక. గోడలు కూడా అంతే, కలప చట్రంలో తడికె అల్లి మట్టి మెత్తినవి.

1530ల్లో ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దుచేశాడు. మిషెల్‌హామ్ ఆస్తులు రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్‌కి, అతని పతనం తరవాత రాజు విడిచిపెట్టిన రాణి ఆన్ ఆఫ్ క్లీవ్స్‌కి దక్కాయి. ఇల్లు మాత్రం చర్చిదిగానే మిగిలింది. కాలక్రమంలో అందులో కూలివాళ్లు కాపురమున్నారు. 19వ శతాబ్దం చివరికి కూలగొట్టాలనే దాకా వచ్చింది. అక్కడే బతుకు వెళ్లదీస్తానని ఒక వృద్ధురాలు వేడుకోవడంతో ఆ పని ఆగింది. 1888లో ఆమె పోయాక ఇల్లు మళ్లీ ప్రమాదంలో పడింది.

అప్పుడు ఊరి చర్చికి కొత్తగా వచ్చిన బెయ్‌నన్ అనే గురువు దాన్ని కాపాడేందుకు కాళ్లరిగేలా తిరిగాడు. 1877లో విలియం మోరిస్ స్థాపించిన పురాతన భవనాల పరిరక్షణ సంఘం తలుపు తట్టాడు. చివరికి 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టు 1896లో ఆ ఇంటిని పది పౌండ్లకు కొన్నది. ఆ సంస్థ కొన్న మొదటి భవనం ఇదే. ట్రస్టు స్థాపకుల్లో ఒకరైన ఆక్టేవియా హిల్‌కి ఈ ఇల్లంటే ప్రాణం. మరమ్మతులు వాస్తుశిల్పి ఆల్‌ఫ్రెడ్ పవెల్ చూశారు. మోరిస్ సంఘం నియమం ఒక్కటే: పాతదాన్ని కొత్తగా కనిపించేలా మార్చకు, పడిపోకుండా నిలబెట్టు.

ఆ నియమం మన దేశానికీ వచ్చింది. పురావస్తు శాఖకు అధిపతిగా ఉన్న జాన్ మార్షల్ 1923లో ప్రచురించిన పరిరక్షణ గ్రంథం ఊహాజనిత పునర్నిర్మాణాన్ని వద్దన్నది. 1927లో ఆ శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ నాగార్జునకొండలో తవ్వకాలు మొదలుపెట్టేనాటికి ఆ గ్రంథమే శాఖకు దారి. అక్కడ బయటపడిన విహారాల ఇటుక పునాదుల్ని బట్టే మనం భిక్షువుల గదుల కొలతలు చెప్పుకుంటున్నాం.

విహారాలకు శాఖ ఉంది. మన పల్లెల్లోని మండువా లోగిళ్లకు ఎవరూ లేరు. ఏటా కొన్ని పడుతున్నాయి, కొన్నిటిని కలప ధరకు అమ్మేస్తున్నారు. అన్నిటినీ నిలపలేమని నాకూ తెలుసు. ఇక్కడున్న విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ ఊళ్లో పాత ఇల్లు పడగొడుతున్నారని తెలిసిన రోజున కొలతపట్టీ, కాగితం, కెమెరా తీసుకెళ్లండి. గదుల కొలతలు తీయండి. దూలాల కీళ్లను, ఖాళీ బెజ్జాలను, మసి పట్టిన చోట్లను ఫోటో తీయండి. కట్టిన వడ్రంగి కుటుంబం ఎవరో ఇంటి పెద్దల్నడిగి రాసుకోండి. ఒక ప్రతి ఊరి గ్రంథాలయంలో, ఇంకో ప్రతి మీ కళాశాల చరిత్ర శాఖలో ఇవ్వండి.