కొండ లేని ఊళ్లో ప్రతిధ్వని: డిలే పెడల్‌తో వింత శబ్దాలు

ఈ ఎపిసోడ్ హంసలదీవి నుంచి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు. ఇక్కడ గొంతు చించుకుని అరిచినా ఒక్క ముక్క తిరిగి వినపడదు. కొండ లేదు, పెద్ద గోడ లేదు. అటు మడ అడవి, ఇటు ఇసుక, ఎదురుగా నీళ్లు. మన ఎండలకి గాలిలో శబ్దం సెకనుకి దాదాపు 350 మీటర్లు పోతుంది. అంటే 350 మిల్లీసెకన్ల తర్వాత మీ మాట మీకు వినపడాలంటే ఓ 60 మీటర్ల దూరంలో కొండ కావాలి. ఆ కొండని డబ్బాలో పెట్టి కాలి కింద పడేస్తే, అదే డిలే పెడల్.

చాలామంది ఇది కొంటారు, ఒక ప్రీసెట్ పెడతారు, ఇక నాబ్ ముట్టుకోరు. నాలుగు నెలలకి "నా సౌండ్ అందరిలాగే ఉంది బ్రో" అని ఇంకో పెడల్‌కి ఈఎమ్ఐ కడతారు. అది కట్టే ముందు ఈ మూడు నాబ్‌లు తిప్పి చూడండి: టైమ్, ఫీడ్‌బ్యాక్, మిక్స్.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. గడ్డివాము అంటుకుంటే ఊళ్లోవాళ్లు కాలువ దాకా వరుసగా నిలబడి బిందెలు అందించుకుంటారు కదా, అనలాగ్ డిలే అచ్చం అదే. 1969లో ఫిలిప్స్ ఇంజినీర్లు కనిపెట్టిన ఆ చిప్ పేరే బకెట్ బ్రిగేడ్. శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా చేసి, వేల చేతులు మార్చి, చివర బయటికి పోస్తుంది. టైమ్ నాబ్ అంటే ఆ చేతుల స్పీడు.

ఇప్పుడు మొదటి ట్రిక్. ఒక స్వరం వాయించి, అది లోపల తిరుగుతుండగా టైమ్ నాబ్ తిప్పండి. స్పీడు సగానికి తగ్గితే, లోపలున్న స్వరం కూడా ఒక స్థాయి కిందకి జారుతుంది. పెంచితే పైకి ఎగురుతుంది. నెమ్మదిగా తిప్పితే గమకం, గబుక్కున తిప్పితే కార్టూన్. కొన్ని డిజిటల్ పెడల్స్‌లో ఇది రాదు, టిక్కుమని కట్ అవుతుంది. ఆ టిక్కుని కూడా తాళంగా వాడుకోవచ్చు.

రెండోది ఫీడ్‌బ్యాక్. కోడ్ రాసేవాళ్లకి ఈజీగా అర్థమవుతుంది: ఆగే కండిషన్ లేని రికర్షన్ ఇది. ప్రతి రౌండ్‌కి శబ్దం సగమైతే, పది రౌండ్లకి వెయ్యో వంతు మిగులుతుంది. అదే 1.02 రెట్లు అయితే? 35 రౌండ్లకి రెట్టింపు. 350 మిల్లీసెకన్ల డిలేలో అది దాదాపు 12 సెకన్లు. ఆ 12 సెకన్లు మీ చేతిలో ఉన్నట్టే. పెరుగుతుంటే కొంచెం తగ్గించు, చచ్చిపోతుంటే కొంచెం పెంచు. గిటార్ కింద పెట్టేసి, నాబ్‌నే వాయించడం అన్నమాట. ఒక్క మాట: ఇది హెడ్‌ఫోన్స్‌లో మాత్రం చేయకండి. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. పోయిన స్పీకర్ కొనుక్కోవచ్చు, పోయిన చెవి దొరకదు.

మూడోది, టైమ్ పూర్తిగా తగ్గించడం. 10 మిల్లీసెకన్ల డిలే, ఫీడ్‌బ్యాక్ ఎక్కువ పెడితే, ఆ రిపీట్లే 100 హెర్ట్జ్ స్వరమైపోతాయి. 5 పెడితే 200. తీగలు అరచేత్తో మూసి, గిటార్ మీద ఊరికే తట్టండి. ఇత్తడి బిందె మోగినట్టు ఉంటుంది.

నాలుగోది, గిటార్ వాల్యూమ్ సున్నా చేసి తీగ మీటి, తర్వాత మెల్లగా తెరవండి. మీటు వినపడదు, స్వరం మాత్రం వస్తుంది. వెనక డిలే ఉంటే వయొలిన్ కమానులా సాగుతుంది.

ఐదోది తాళం. నిమిషానికి 120 బీట్లు అంటే బీట్‌కి 500 మిల్లీసెకన్లు. డిలే అందులో ముప్పావు, 375 పెట్టండి. మీరు బీట్‌కి రెండు స్వరాలు వాయిస్తే చాలు, ఖాళీలు పెడల్ నింపుతుంది. ఒక్కడు వాయిస్తుంటే ఇద్దరిలా ఉంటుంది.

ఇప్పుడు అసలు పాయింట్‌కి వస్తా. ఇక్కడ మాఘ పౌర్ణమికి వేణుగోపాలస్వామి ఉత్సవాలు జరుగుతాయి. ఇలాంటి తిరునాళ్లలో మైక్ సెట్ వాళ్ల ఆంప్లిఫయర్ మీద 'ఎకో' అని ఒక నాబ్ చూసే ఉంటారు. ఈ పనికి చవగ్గా దొరికే చిప్ పీటీ2399. కరావోకే కోసం చేశారు. డేటాషీట్‌లో దాదాపు 30 నుంచి 340 మిల్లీసెకన్ల దాకా ఉంటుంది. బోలెడు డిలే పెడల్స్‌లో కూడా ఇదే చిప్. దాని హద్దు దాటి టైమ్ సాగదీస్తే శబ్దం గరగరలాడుతుంది. ఆ గరగర కోసమే వాడేవాళ్లున్నారు.

జమైకాలో కింగ్ టబ్బీ అని ఒకాయన ఉండేవాడు. రేడియోలు, ఆంప్లిఫయర్లు రిపేర్ చేసే మనిషి. 1970ల్లో ఎకోని, మిక్సర్‌ని వాయిద్యంలా వాడి 'డబ్' అనే సంగీతానికి దారి వేశాడు. ఆయన చేతిలో ఉన్నది స్క్రూడ్రైవరు, చెవి.

మన మైక్ సెట్ అన్నలకీ అదే చెవి ఉంది. మైక్ కుయ్‌మనే ముందే వాళ్ల చెయ్యి నాబ్ మీదకి పోతుంది. ఆ ఒడుపు ఏ యాప్‌లోనూ దొరకదు. ఇప్పుడు డిజిటల్ మిక్సర్లు వచ్చి, పాత ఎకో ఆంప్లిఫయర్లు తుక్కుకి కిలోల లెక్కన పోతున్నాయి. మీ ఊళ్లో ఒకటి ఉంటే, అమ్మేలోపు ఒక్క సాయంత్రం అడిగి కూర్చోండి. కవర్ మాత్రం విప్పకండి, లోపల 230 వోల్టులు. గిటార్ కూడా అక్కర్లేదు, మైక్ ముందు రేకు డబ్బా చాలు. ఆ నాబ్ ఎలా తిప్పుతాడో అన్నని చూపించమనండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.